ఎండ బిళ్ల నుంచి కళ్లజోడు దాకా

గూన పెంకుల ఇంట్లో పెరిగినవాళ్లందరికీ ఎండ బిళ్ల తెలుసు. పెంకు జరిగిన చోట, కోతులు తొక్కి పగిలిన చోట, సన్నటి సందులోంచి ఎండ జారి అలికిన నేల మీద గుండ్రంగా పడుతుంది. పొద్దు వాలేకొద్దీ పాకుతూ పోయి గోడెక్కుతుంది. చిన్నపిల్లలు దాన్ని అరచేతిలో పట్టుకోవాలని చూస్తారు. సూర్యాపేట పక్కన పెన్‌పహాడ్ లాంటి చోట్ల స్లాబు ఇళ్లు వచ్చాక ఈ బిళ్లలు తగ్గాయి గానీ, పశువుల కొట్టం రేకుకు ఒక్క మేకు బెజ్జం ఉన్నా చాలు, అదే బిళ్ల కింద కనిపిస్తుంది.

పెంకుల సందు ఎప్పుడూ గుండ్రంగా ఉండదు. ఒకచోట మూడు మూలలుంటాయి, ఇంకోచోట చీలికలా ఉంటుంది. కింద పడే బిళ్ల మాత్రం గుండ్రమే. ఎండ ఏటవాలుగా పడితే కాస్త కోలగా సాగుతుంది, అంతే. అది సందు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. మూడు మీటర్ల ఎత్తు నుంచి పడితే బిళ్ల అడ్డుకొలత దాదాపు 3 సెంటీమీటర్లు ఉంటుంది. సూర్యుడు తన అడ్డుకొలతకు సుమారు 108 రెట్ల దూరంలో ఉన్నాడు కాబట్టి, సందుకీ నేలకీ మధ్య దూరాన్ని 108తో భాగిస్తే బిళ్ల కొలత వస్తుంది. అంత పెద్ద సూర్యుణ్ని ఇంటి నేల మీద స్కేలు పెట్టి కొలవొచ్చు.

1980 ఫిబ్రవరి 16, శనివారం నాడు ఈ బిళ్లలన్నీ నెలవంకలయ్యాయి. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ కర్ణాటక తీరం దగ్గర దేశంలోకి వచ్చి రాయచూరు, నల్గొండ, ఖమ్మం మీదుగా పూరీ, కోణార్క్ వైపు సాగింది. సూర్యాపేట, పెన్‌పహాడ్ ఆ దారిలోనే ఉన్నాయి. మధ్యాహ్నం మూడు ముప్పావు ప్రాంతంలో సుమారు రెండు నిమిషాలు పట్టపగలే చీకటి కమ్మింది. చాలామంది భయంతో తలుపులు బిగించుకుని లోపలే కూర్చున్నారు. అలా కూర్చున్న ఇంటికి పెంకుల సందుంటే, గ్రహణం ఆ సందులోంచి దిగి నేల మీద తన బొమ్మ తానే గీసుకుని ఉంటుంది. కంటికి ఏ హానీ లేకుండా గ్రహణం చూడడానికి అంతకన్నా మంచి చోటు లేదు. చింతచెట్టు కింద నిలబడ్డవాళ్లకూ అదే కనిపించి ఉంటుంది. ఆకుల మధ్య ప్రతి సందూ ఒక చిన్న నెలవంకను నేలకు దించుతుంది.

వెలుగు బొమ్మ ఎలా కడుతుందో తెలుసుకోవడానికి అద్దాలకన్నా ముందు ఈ సందునే చూడాలి.

వెలుగుంది, బొమ్మ లేదు

ఇంటి ముందు వేపచెట్టు ఉందనుకుందాం. దాని ప్రతి ఆకు మీది ప్రతి చుక్క నుంచీ వెలుగు అన్ని దిక్కులకూ పోతుంటుంది. ఎదురు గోడ మీద ఏ చోటు తీసుకున్నా అక్కడికి చెట్టు చిటారుకొమ్మ నుంచీ, మొదలు నుంచీ, పక్కన ఆపిన ట్రాక్టరు నుంచీ, పైనున్న ఆకాశం నుంచీ వెలుగు వచ్చి పడుతుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. గోడ తెల్లగా కనబడుతుంది తప్ప దాని మీద చెట్టు కనబడదు. వెలుగు చాలక కాదు, అంతా కలగాపులగమై.

సన్నటి సందు ఆ చిక్కును విడదీస్తుంది. చిటారుకొమ్మ నుంచి వచ్చి సందులో దూరిన కిరణం లోపల కిందికే పోగలదు. మొదలు నుంచి వచ్చింది పైకే పోగలదు. దేనిచోటు దానికి దక్కింది కాబట్టి చీకటి గదిలో చెట్టు తలకిందులుగా నిలబడుతుంది. వెయ్యేళ్ల కిందట బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైతం ఈ సంగతిని ప్రయోగాలతో పరీక్షించి రాశాడు. వస్తువు మీది ప్రతి చుక్క నుంచీ వెలుగు అన్ని వైపులకూ పోతుందని, చూపు అంటే ఆ వెలుగు కంట్లోకి రావడమేనని నిలబెట్టినవాడు ఆయన.

సందుతో వచ్చిన ఇబ్బందల్లా వెలుగు దండగ కావడమే. చెట్టు నుంచి గోడ వైపు వచ్చిన వెలుగులో నూటికి తొంభైతొమ్మిది వంతులకు పైగా బయటే ఆగిపోయింది. సరే, సందు పెద్దది చేద్దామంటే బొమ్మ వెలుగుతుంది గానీ చెదిరిపోతుంది. కిటికీ అంత చేస్తే మళ్లీ తెల్లగోడే మిగులుతుంది. దారి పెద్దదిగా ఉండాలి, అయినా ఒక చుక్క నుంచి బయల్దేరిన వెలుగంతా అవతల ఒక చుక్క దగ్గరే చేరాలి. కటకం చేసేది ఈ ఒక్క పనే. వంపు అద్దం చేసేదీ ఇదే.

ఎలా చేస్తుంది? గాలిలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు, మామూలు గాజులోకి వచ్చేసరికి దాదాపు 2 లక్షలకు నెమ్మదిస్తుంది. నాటు వేసిన మడిలోంచి అడ్డంగా నడిచేవాడికి దారి దగ్గరే గానీ బురదలో అడుగు పడదు. గట్టు చుట్టి వచ్చేవాడికి దారి దూరమే గానీ నడక చురుకు. మడి వెడల్పు సరిగ్గా కుదిరితే ఇద్దరూ అవతలి దరికి ఒకేసారి చేరతారు. కుంభాకార కటకం నడుమ మందంగా, అంచుల్లో పలుచగా ఉండేది ఇందుకే. నడుమ నుంచి నేరుగా పోయే వెలుగును గాజు ఎక్కువసేపు ఆపుతుంది. అంచు నుంచి చుట్టూ తిరిగి పోయేదాన్ని తక్కువసేపు ఆపుతుంది. దారులు వేరైనా అన్నీ ఒకే చోటికి ఒకే క్షణాన చేరతాయి. అలా చేరిన చోటే బొమ్మ. గాజు వంపును అరగదీసి తీర్చేవాడి పనితనమంతా ఆ కాలాలు సరిపోయేలా చూడడంలోనే ఉంది.

నీడ సంగతి వేరు. నల్గొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుళ్ల ఆ గుడిలో ఒక లింగం వెనుక గోడ మీద స్తంభంలాంటి నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు కదిలినా ఆ నీడ కదలదు. ఎండ నేరుగా పడక, ఆకాశపు వెలుగు మండపం పక్కల నుంచి, స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికి రావడం వల్ల అక్కడ వెలుగుకూ మరుగుకూ చోట్లు మారవు. కట్టినవాళ్ల నేర్పు గొప్పది. అయితే నీడంటే వెలుగు చేరని చోటు, అంతే. బొమ్మంటే ఒక్కో చుక్క వెలుగూ విడివిడిగా మళ్లీ కూడిన చోటు. చూడ్డానికి రెండూ గోడ మీదే పడినా, రెండోది కావాలంటే లెక్క తప్పని వంపు కావాలి.

వంపు అద్దాలు, జాపాల్-రంగాపూర్

చదునైన అద్దం వెలుగును కూడగట్టదు, తిప్పి పంపుతుందంతే. నిండిన చెరువులో కనిపించే చెట్టు చెరువు అడుగున లేదు. కిరణాలు అక్కడి నుంచి వచ్చినట్టు కన్ను నమ్ముతుంది. నునుపు తీరిన రాయి కూడా ఈ పని చేస్తుంది. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో రేచర్ల నామిరెడ్డి 1202లో కట్టించిన నామేశ్వరాలయంలో, బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయంలో నల్లరాతి స్తంభాల నునుపును చేత్తో తడిమి చూడాల్సిందే. పక్కకు వంగి స్తంభం మీదుగా చూపు సాగదీస్తే ఎదుటి వెలుగు రాతి మీద జారుతూ కనిపిస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి చేతులు, గాజు లేకుండా, రాతిని అద్దానికి అంత దగ్గరగా తెచ్చాయి.

వంచిన అద్దం కథే వేరు. స్టీలు చెంచా లోపలి వైపు ముఖం చూసుకుంటే తలకిందులుగా కనిపిస్తుంది, వెనక వైపు చిన్నగా, నిటారుగా కనిపిస్తుంది. బండి పక్కద్దం వెనక వైపు లాంటిది. ఎక్కువ రోడ్డు చూపిస్తుంది, వెనకొచ్చే లారీని ఉన్న దూరం కన్నా ఎక్కువ దూరంలో ఉన్నట్టు చూపిస్తుంది. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద పక్కకు తప్పుకునే ముందు ఈ సంగతి గుర్తుండాలి. లోపలి వైపు, అంటే పుటాకార దర్పణం, వెలుగును కూడగడుతుంది. దాన్నే తిరగేసి, కూడే చోట బల్బు పెడితే వెలుగు బారుగా ముందుకు పోతుంది. అదే హెడ్‌లైటు.

ఈ పుటాకార దర్పణం తెలంగాణలో చేసిన ఒక పెద్ద పని వేధశాల ఉన్న జాపాల్-రంగాపూర్‌లో జరిగింది. హైదరాబాద్‌లో అంతకుముందే నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపుతో నిజామియా వేధశాల మొదలైంది. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. అక్కడ 8 అంగుళాల కటకమున్న ఫొటో టెలిస్కోపుతో, పలు దేశాల వేధశాలలు పంచుకుని గీసిన ఆకాశపటంలో తమ వంతు పనిగా ఏడు లక్షలకు పైగా నక్షత్రాల చోట్లు కొలిచారు. రాత్రి తర్వాత రాత్రి, పలక తర్వాత పలక. ఇంత పని చేసిన చోటు గురించి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ అయినా ఉండాలి.

ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్, రంగాపూర్ ఊళ్ల మధ్య 1968లో నెలకొల్పింది కటకాన్ని కాదు, 48 అంగుళాల అద్దాన్ని. కారణం బరువు. కటకంలోంచి వెలుగు దాటాలి కాబట్టి దాన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి. పెద్దదైతే తన బరువుకు తానే కుంగి వంపు చెడుతుంది. పైగా గాజు ఎరుపునూ నీలాన్నీ ఒకేలా వంచదు కాబట్టి నక్షత్రం చుట్టూ రంగుల అంచు కనిపిస్తుంది. అద్దానికి ఈ రెండు బాధలూ లేవు. వెలుగు పైపూత మీదే తిరిగిపోతుంది, కింద వీపంతా ఆనించి పట్టుకోవచ్చు. అమెరికాలోని యెర్కీస్ వేధశాలలో 1897లో పెట్టిన 40 అంగుళాల కటకాన్ని మించింది పరిశోధనకు వాడేవాటిలో ఈనాటికీ రాలేదు. ఆ తర్వాతి పెద్ద టెలిస్కోపులన్నీ అద్దాలవే. 15 అంగుళాల కటకం పోగుచేసే వెలుగుకు పది రెట్లు 48 అంగుళాల అద్దం పోగుచేస్తుంది. 1980 గ్రహణం రోజున ఇక్కడికే దేశదేశాల శాస్త్రవేత్తలు వచ్చి మకాం వేశారు.

గోడ మీద ఊరు

మన పదో తరగతి పిల్లలు ‘వక్రతలాల వద్ద కాంతి వక్రీభవనం’ అనే పాఠం చదువుతారు. వస్తువు ఎక్కడుంటే ప్రతిబింబం ఎక్కడ పడుతుందో పట్టిక వేసి ఒప్పజెబుతారు. కిరణాల బొమ్మలు స్కేలు పెట్టి గీస్తారు. పరీక్షలో మార్కులూ వస్తాయి. అయినా కటకంతో గోడ మీద ఒక నిజమైన బొమ్మ పడడం కళ్లారా చూడని పిల్లలు ఎంతోమంది. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఇంట్లో అమ్మదో నాన్నదో దగ్గరి చూపు కళ్లజోడు చాలు.

మిట్టమధ్యాహ్నం గది తలుపులు, కిటికీలు మూసి ఒక్క వాకిలే తెరిచి ఉంచండి. వాకిలికి ఎదురు గోడ దగ్గర నిలబడి కళ్లజోడును గోడకు ఆనించి, సమాంతరంగా ఉంచి, మెల్లగా వెనక్కి లాగండి. మొదట అద్దం నీడలాంటి మచ్చ ఉంటుంది. ఆ మచ్చ నడుమ వెలుగు పేరుకుంటుంది. ఒక దూరం దగ్గర ఉన్నట్టుండి వాకిలి బయటి ఊరంతా గోడ మీద నిలబడుతుంది. కింద ఆకాశం, పైన నేల, ఎదురింటి రంగు గోడ, ఆరేసిన చీర. చీర గాలికి ఊగితే గోడ మీద కూడా ఊగుతుంది. రోడ్డు మీద బండి ఒక దిక్కుకు పోతే గోడ మీద ఎదురు దిక్కుకు పోతుంది. మొదటిసారి చూసిన పిల్ల నోట మాట రాదు. ఇంకాస్త వెనక్కి లాగితే అంతా మళ్లీ చెదిరిపోతుంది.

బొమ్మ తేటగా ఉన్న చోట గోడకీ అద్దానికీ మధ్య దూరం టేపుతో కొలవండి. 100ను ఆ సెంటీమీటర్లతో భాగించండి. 50 సెంటీమీటర్లైతే పవరు రెండు. 40 అయితే రెండున్నర. 67 దగ్గరగా వస్తే ఒకటిన్నర. కళ్లజోడు కాగితం మీద డాక్టరు రాసిన ప్లస్ అంకె ఇదే. పవరంటే వెలుగును ఎంత దగ్గర్లో కూడగట్టగలదనే కొలత. రెండు పవరు జోళ్లు రెండు ఒకదానికొకటి ఆనించి పెడితే నాలుగవుతుంది, బొమ్మ 25 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది.

ఇప్పుడు అద్దంలో సగాన్ని అట్టముక్కతో మూసేయండి. బొమ్మలో సగం పోతుందని పిల్లలు అంటారు, పెద్దలు కూడా అంటారు. పోదు. ఊరంతా అలాగే ఉంటుంది, కాస్త మసకబారుతుంది. చీర మీది ప్రతి చుక్క నుంచీ వెలుగు అద్దమంతటా పడుతోంది, మిగిలిన సగం అద్దం కూడా ఆ చుక్కను దాని చోటికే చేరుస్తోంది. కటకం గురించి ఎన్ని పేజీలు చదివినా రాని అర్థం ఈ అట్టముక్కతో వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఏ అద్దంలోంచి అయినా సూర్యుణ్ని కంటితో చూడకూడదు. అదే కటకం సూర్యుడి వెలుగునంతా అర సెంటీమీటరు బిళ్లలోకి కుదిస్తుంది.

దూరం చూపు కోసం పెట్టుకునే మైనస్ అద్దాలతో ఈ ప్రయోగం కుదరదు. అవి వెలుగును కూడగట్టవు, విప్పుతాయి.

మిర్యాలగూడ మిల్లులో ఒక గింజ

మూసీ నీళ్లు, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే ఈ నేలలో పండిన వడ్లలో ఎంతో భాగం మిర్యాలగూడ మిల్లులకు పోతుంది. పొట్టు తీసి, తవుడు తీసి, నూకలు వేరు చేశాక బియ్యం చివరగా ఒక యంత్రం ముందుకు వస్తాయి. మిల్లుల్లో దాన్ని సార్టెక్స్ అంటారు. బియ్యం బస్తా మీద ఆ మాట అందరూ చూసే ఉంటారు. ఆ యంత్రం లోపల ఉన్నది కటకాలే.

పైనున్న తొట్టిలోంచి బియ్యం వణుకుతూ ఏటవాలు పలకల మీదికి దిగుతాయి. పలక మీది గాళ్లలో గింజలు ఒకదాని వెనక ఒకటి బారుగా జారి, చివర్లో సన్నటి తెరలా గాలిలోకి పడతాయి. అప్పటికి వాటి వేగం సెకనుకు మూడు మీటర్లు దాటి ఉంటుంది. ముందూ వెనకా కెమెరాలు, వాటి పక్కన దీపాలు. ఆరేడు మిల్లీమీటర్ల పొడవున్న గింజ కెమెరా ముందు నుంచి దాటే ఆ రెప్పపాటులో కటకం దాని బొమ్మను సెన్సరు మీద తేటగా నిలపాలి. రంగు మారిన గింజ, నల్ల మచ్చ, పొరపాటున మిగిలిన వడ్లగింజ, సన్నరాయి కనిపిస్తే కిందనున్న సన్నటి గొట్టం సరిగ్గా ఆ గింజ వచ్చే క్షణానికి గాలి ఊది దాన్ని పక్కకు తోసేస్తుంది.

గాళ్ల పలక అంత ముఖ్యం కావడానికి కారణం కటకమే. కళ్లజోడు కాస్త వెనక్కి లాగితే గోడ మీద ఊరు చెదిరిపోయినట్టే, గింజ అనుకున్న దూరం కన్నా కాస్త ముందుకో వెనక్కో పడితే దాని బొమ్మ అలుక్కుపోతుంది. మచ్చ చుట్టుపక్కల తెలుపులో కలిసిపోయి యంత్రానికి కనిపించదు. అందుకే గింజలన్నీ ఒకే దూరంలో, ఒకే తెరగా పడాలి. మిల్లులో తవుడు దుమ్ము మరో శత్రువు. కెమెరా ముందు గాజు మీద దుమ్ము పేరుకుంటే మంచి గింజ కూడా మాసినట్టు కనిపిస్తుంది, రైతు కష్టం గాలికి పోతుంది. అందుకని ఆ గాజును మధ్యమధ్యలో తుడిచే ఏర్పాటు యంత్రంలోనే ఉంటుంది.

చత్వారం, శుక్లం, వరాకు

ఈ యంత్రాలు లేనప్పుడు చాటలో బియ్యం పోసుకుని రాళ్లు, వడ్లగింజలు ఏరింది మన ఆడవాళ్ల కళ్లు. నలభై దాటాక చాటను దూరం పెట్టి చూడడం, తర్వాత కోడలినో మనవరాలినో పిలవడం, సూదిలో దారం ఎక్కించమని పిల్లల్ని బతిమాలడం ప్రతి ఇంట్లో చూసిందే. వయసైపోయింది, అంతేలే అనుకుంటారు. నాకు బాధ కలిగించేది ఆ మాటే. అది కంటికి వచ్చిన రోగం కాదు, వయసుతో తీరిపోయిన పనీ కాదు. ఒకటిన్నర, రెండు పవరు గాజుముక్కతో పోయే ఇబ్బంది.

కంట్లో ఉన్న కటకం పుట్టిన దగ్గర నుంచీ పొర మీద పొర వేసుకుంటూ గట్టిపడుతుంది. చిన్నప్పుడు మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బి పవరు పెంచుకుంటుంది. పదేళ్ల పిల్ల పుస్తకాన్ని ముక్కుకు ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుని చదవగలదు. అరవై ఏళ్లకు ఆ హద్దు దాదాపు మీటరుకు జరుగుతుంది. నలభై ఐదు, యాభై మధ్య చాలామందికి హద్దు 50 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 25 సెంటీమీటర్ల దగ్గర చూడాలంటే నాలుగు పవరు కావాలి, కన్ను ఇవ్వగలిగింది రెండే. మిగతా రెండూ కళ్లజోడు ఇస్తుంది. చత్వారం లెక్క అంతే.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలుపెట్టిన కంటి వెలుగు ఈ ఇబ్బందిని ఊరి దాకా వచ్చి పట్టుకుంది. మొదటి విడతలో కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించారు. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలైంది. ఊరూరా శిబిరం పెట్టి, దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతికిచ్చారు. శిబిరంలో ఆ అద్దాలు పెట్టుకుని చిన్నక్షరాల కార్డు చదివి, తలెత్తి నవ్వినవాళ్ల ముఖాలు చూసినవాళ్లు ఆ పథకాన్ని రాజకీయాల లెక్కలో వేయలేరు. ఇలాంటిది ఒకటి రెండు విడతలతో ఆగకూడదు. చత్వారం ప్రతి ఏడాదీ కొత్తవాళ్లకు వస్తూనే ఉంటుంది, వచ్చినవాళ్లకు పవరు మారుతూనే ఉంటుంది.

కంట్లో బొమ్మ కూడా గోడ మీద ఊరిలాగే తలకిందులుగానే పడుతుంది. 1604లో జొహానెస్ కెప్లర్ లెక్కగట్టి చెప్పాడు. ఆ తర్వాత షైనర్ అనే శాస్త్రజ్ఞుడు ఎద్దు కంటి వెనక పొర ఒలిచి ఆ బొమ్మను చూశాడు. దాన్ని నిటారుగా అర్థం చేసుకునేది మెదడు. అయితే కంట్లో వెలుగును ఎక్కువగా వంచేది లోపలి కటకం కాదు. కంటి మొత్తం పవరు 60 అనుకుంటే అందులో 43 దాకా ముందున్న పారదర్శక పొరదే. దాన్ని కార్నియా అంటారు, మన ఇళ్లలో నల్లగుడ్డు అనేదాని మీద ఉండే పొర అది. బావిలో మునిగి కళ్లు తెరిచినవాళ్లకు దీనికి రుజువు తెలుసు. నీటిలోనూ ఆ పొరలోనూ వెలుగు వేగం దాదాపు ఒకటే కాబట్టి వంపు పనిచేయదు, అడుగున రాళ్లన్నీ మసకగా కనిపిస్తాయి.

లోపలి కటకం పారదర్శకంగా ఉండడానికి దానిలోని ప్రొటీన్ల అమరిక కారణం. వయసుతో, మధుమేహంతో ఆ ప్రొటీన్లు గడ్డకట్టి, దాటిపోవాల్సిన వెలుగును చెదరగొడతాయి. శుక్లం అంటే అదే. రాత్రి ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు పువ్వులా విచ్చుకుని కనిపించడం దాని మొదటి గుర్తుల్లో ఒకటి. శుక్లం తీసేస్తే కంట్లో కటకం ఉండదు. అందుకే వెనకటి తాతలు ఆపరేషన్ తర్వాత పది పవరు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునేవాళ్లు. అన్నీ పెద్దగా, దగ్గరగా కనిపించి గడప దాటడానికే తడబడేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో విమానం అద్దం పగిలి దాని ప్లాస్టిక్ ముక్కలు కంట్లో గుచ్చుకున్న పైలట్లను లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ చూశాడు. ఆ ముక్కలను కన్ను తిప్పికొట్టడం లేదని గమనించి, అదే ప్లాస్టిక్‌తో కటకం చేసి 1949 నవంబరు 29న ఒక రోగి కంట్లో అమర్చాడు. తోటి డాక్టర్లు ఏళ్ల తరబడి ఆయన్ని తప్పుబట్టారు. ఇవాళ మన జిల్లా ఆసుపత్రుల్లో అమరుస్తున్న కటకాలన్నీ ఆ పని నుంచి వచ్చినవే.

చత్వారానికి అద్దం ఉంది, శుక్లానికి కటకం ఉంది. కార్నియా పాడైతే మాత్రం సులువైన దారి లేదు. నాట్లప్పుడు, కలుపులప్పుడు వంగిన ముఖానికి వరాకు అంచు గీసుకుంటుంది. నూర్పిళ్లప్పుడు పొట్టు ఎగిరి కంట్లో పడుతుంది. కార్నియా మందం అర మిల్లీమీటరే. గీత పడిన చోట ఆకు మీదున్న బూజు చేరితే పుండవుతుంది. పుండు మానినా తెల్లమచ్చ మిగిలి వెలుగును అక్కడే చెదరగొడుతుంది. కంట్లో ఏదైనా పడితే నలపకూడదు, శుభ్రమైన నీళ్లతో కడగాలి, నొప్పో ఎరుపో తగ్గకపోతే మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. ఆకు పసరు, ఆముదం, పాలు కంట్లో పోయకూడదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు మరీ ప్రమాదం. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల బూజు పెరిగిపోతుంది.

మచ్చ ముదిరితే ఇంకొకరి కార్నియా అమర్చడమే దారి. ఆ పొరకు రక్తనాళాలు లేవు కాబట్టి ఇంకొకరిది మన కంటికి అతుకుతుంది. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ తొలిసారి దాన్ని విజయవంతంగా చేశాడు. మన దగ్గర, కెమెరా కటకం వెనక జీవితమంతా గడిపిన దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ స్థలమూ డబ్బూ ఇస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఆయన పేరిట నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. 1989 నుంచి అక్కడ రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి పనిచేస్తోంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆరు గంటల లోపు నేత్రనిధికి కబురు అంది, వాళ్లు వచ్చి తీసుకోవాలి. అప్పటిదాకా కళ్లు మూసి తడి దూది పెట్టాలి, పైన ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టాలి. ముఖం ఏమీ మారదు. పెద్దాయనకు చూపే సరిగా లేదు, ఆ కళ్లు ఎవరికి పనికొస్తాయని చాలా ఇళ్లలో అక్కడే ఆగిపోతారు. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లవీ, జీవితమంతా కళ్లజోడు పెట్టుకున్నవాళ్లవీ తీసుకుంటారు, ఎందుకంటే ఇంకొకరికి అమర్చేది ముందున్న ఆ పారదర్శక పొరను మాత్రమే.